మధ్యలో నన్నెందుకు పెట్టారు

పొద్దున్నే టీ కప్పు బల్లమీద ఠక్కున పెట్టి భార్యతో అన్నాడాయన. "నీ కూతురికి చెప్పు. ఇప్పుడున్న పెద్ద కంపెనీవాళ్లు టీమ్ లీడర్ని చేస్తామంటే కాలదన్నుకుని, పై అధికారే లేని చోటికి పోతుందట. అది ఆఫీసా, సంతా?"

కూతురు అక్కడే కుర్చీలో కూర్చుని జడ వేసుకుంటోంది. అయినా తల్లివైపే తిరిగింది.

"అమ్మా, నాన్నకి చెప్పు. అక్కడ పట్టుమని పదిమంది లేరు. ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఇళ్ల ప్లాన్లు గీస్తారు. అనుమానమొస్తే పక్కవాళ్లని అడుగుతారు. ఇప్పుడున్న చోట కిటికీ జరపాలన్నా నలుగురి సంతకాలు కావాలి."

"పెద్ద దిక్కు లేనిచోట రేపు తప్పు జరిగితే ఎవడు మోస్తాడో అడుగు!"

"పెత్తనం తప్ప ఆయనకింకేం తెలుసో అడుగు!"

వారం రోజులుగా ఇదే తంతు. ఇటు మాట అటూ, అటు మాట ఇటూ మోసి, చేదు మాటకు కాస్త తీపి అద్ది అందించడమే తల్లి పని. ఇవాళ ఆమె చేతిలోని గిన్నె సింకులో దభీమని పడింది.

"చాలు! మీ ఇద్దరి మధ్య నేనేమన్నా మేనేజర్నా? జీతం లేదు, సెలవు లేదు, తిట్లు మాత్రం రెండు వైపులా! ఈ పని మానేశా. ఎదురుగా ఉన్నారుగా, మీరే ఏడవండి!"

ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర షిఫ్టు ఇన్‌చార్జిగా పనిచేసి జుట్టు నెరిసిన ఆ మనిషి, మొదటిసారి కూతురి ముఖం చూసి అరిచాడు.

"అడక్కుండా ఒకడు వాల్వు తిప్పాడు! ఆవిరి తన్నుకొచ్చి నా పక్కవాడి కళ్లు పోయాయి! అందుకే మాలో ఒకడి మీద ఒకడుంటాడు, ఒకడు తప్పితే ఇంకొకడు పట్టుకోవాలని!"

"మీ దగ్గర తప్పు చేస్తే మనిషి పోతాడు నాన్నా! మా దగ్గర గీత తప్పితే చెరిపి మళ్లీ గీస్తాం. మీకు ఒకరి పైన ఒకరుగా అన్ని మెట్లూ కావాలి. మాకు అవే అడ్డం!"

"మరి ఇంట్లో ఏం పేలుతుందని ఇన్ని మెట్లు?" తల్లి గొంతు ఇంకా మండుతూనే ఉంది.

కూతురి కళ్లు నిండాయి. "చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే గుమ్మం బయట నిలబడి 'ఎలా ఉంది దానికి' అని అమ్మనే అడిగేవారు. నాకు వినబడేది. ఒక్కసారీ లోపలికి రాలేదు."

"నువ్వు మూలుగుతుంటే చూళ్లేకపోయేవాణ్ణే..." ఆయన గుమ్మం వైపు చూశాడు. "రాత్రంతా ఆ గుమ్మంలోనే కూర్చునేవాణ్ణి."

కూతురు తెల్లబోయింది. "నాకెవరూ చెప్పలేదు."

తల్లి గోడకి ఆనుకుంది. చెప్పలేదు, నిజమే. 'బాగానే ఉందండీ', 'నాన్న పనిలో ఉన్నారమ్మా' అంటూ ఇద్దరినీ నెమ్మదిపరిచిందే తప్ప, అసలు మాట ఏనాడూ అటు చేర్చలేదు. కోపం కాస్తా కన్నీరై జారింది.

ఆయన లేచి కూతురి పక్క కుర్చీ లాక్కున్నాడు. "ఆ కొత్తచోట ఏదైనా తేడా వస్తే..."

"మిమ్మల్ని అడుగుతా."

"అడుగమ్మా," అన్నాడు, తల మీద చెయ్యి వేసి. "నన్నే అడుగు."