తేటపడిన నీళ్ళు

ఊరి చివర, తవ్వి వదిలేసిన రాళ్ళ క్వారీ పక్కన, కుక్కలకు ఈత నేర్పే మనిషి ఒకడుండేవాడు. నవ్వకండి, నిజంగానే అదే అతని పని. ఒళ్ళొచ్చేసి ఆయాసపడే కుక్కలు, కారు కింద పడి కాలు విరిగినవి, ముసలితనంతో వెనక కాళ్ళు బిగుసుకుపోయినవి, అన్నిటినీ అతని దగ్గరికే తెచ్చేవాళ్ళు. క్వారీ గుంటలో వాననీళ్ళు నిలిచిపోయి ఉండేవి. ఒక వైపు ఏటవాలుగా సిమెంటు వేయించి, చుట్టూ ఇనప కంచె కట్టించి, గేటుకి తాళం పెట్టుకున్నాడు. కుక్క నడుముకి పట్టీ బిగించి, తాను మోకాలి లోతులో నిలబడి, దాన్ని మెల్లగా లోపలికి దింపేవాడు. అందరూ అతన్ని ఈత మాస్టారు అనేవాళ్ళు. ఆ పిలుపంటే అతనికి ప్రాణం. ఎవరైనా నోరు జారి "కుక్కలాయన" అన్నారో, ఆ రోజంతా మొహం మాడ్చుకుని తిరిగేవాడు.

ఇల్లు గుంటకి నాలుగడుగుల దూరం. ఇంట్లో భార్య, ఏడేళ్ళ కూతురు. ఆ పిల్ల కళ్ళు తెరిచింది మొదలు మళ్ళీ మూసేదాకా వాగుతూనే ఉంటుంది కాబట్టి పిచ్చుక అని పిలుచుకునేవాళ్ళు. మాస్టారికి లోకంలో ఇష్టమైనవి రెండే. ఒకటి తన పేరు, రెండోది ఆ పిల్ల. రెండింట్లో ఏది ముందో అతనెప్పుడూ ఆలోచించుకోలేదు. అవసరం రాలేదు మరి.

ఆ ఎండాకాలం గుంటలో నీళ్ళు సగానికి పడిపోయాయి. మిగిలిన నీళ్ళ మీద ఆకుపచ్చ రంగు డబ్బా ఒలకబోసినట్టు చిక్కగా పాచి తేలింది. దగ్గరికి వెళితే ముక్కు మూసుకోవాల్సిందే. పశువుల డాక్టరు వచ్చి, ఒక పుల్లతో ఆ పాచిని కదిపి చూసి, పుల్లని దూరంగా విసిరేశాడు.

"మాస్టారూ, ఇది మామూలు పాచి కాదు. ఇందులో విషం పుడుతుంది. కుక్కకి నాలుగు గుక్కలు చాలు. తాగకపోయినా, ఒంటికి అంటినదాన్ని నాక్కుని చస్తుంది. పరీక్ష చేయించేదాకా ఒక్కదాన్నీ దింపకండి. ఇంకో మాట. మందు చల్లి దీన్ని చంపుదామని చూడొద్దు. పాచి చచ్చిందంటే అందులో ఉన్న విషమంతా ఒక్కసారిగా నీళ్ళలో కలుస్తుంది. పైకి తేటగా ఉంటాయి. అప్పుడే అసలు ప్రమాదం."

మాస్టారు తలూపాడు. తలూపడంలో అతన్ని మించినవాడు లేడు.

కానీ వచ్చే ఆదివారం యజమానులందరూ వచ్చి తమ కుక్కలు ఈదడం చూసే రోజు. ఆ పచ్చటి నీళ్ళు చూస్తే ఏమంటారు? పేరేం కావాలి? శుక్రవారం సాయంత్రం, భార్య వంటింట్లో ఉన్నప్పుడు, పాచిని చంపే నీలం పలుకుల మైలుతుత్తం సంచీ ఒకటి మోసుకెళ్ళి గుంట నిండా చల్లేశాడు. శనివారానికి పాచి తెల్లబడి అడుక్కి దిగింది. ఆదివారం పొద్దున చూస్తే గుంట అడుగున రాళ్ళు కూడా కనిపిస్తున్నాయి. డాక్టర్లకి భయపెట్టడం తప్ప ఏం తెలుసనుకుని లోలోపల మురిసిపోయాడు.

ఆ రోజు మొదట దిగాల్సిన మూడు కుక్కల్లో ఒకటి మసి. నల్లటిది, ముసలిది. జాకెట్లు కుట్టే ఒక ముసలావిడది. పెళ్ళీ పిల్లలూ లేని మనిషి. పదమూడేళ్ళుగా ఆవిడ మిషను తొక్కుతుంటే ఆ కుక్క ఆవిడ పాదం మీద గడ్డం ఆనించుకుని పడుకునేది. మిగతా రెండూ తోకలూపుతూ దూకాయి. మసి మాత్రం నీళ్ళ అంచున ఆగి, వాసన చూసి, వెనక్కి తిరిగింది.

"వద్దంటోంది మాస్టారూ, వదిలేయండి," అంది ఆవిడ.

చుట్టూ పాతికమంది చూస్తున్నారు. "భయమేం లేదమ్మా, బాగున్న నీళ్ళే," అన్నాడు మాస్టారు. మసిని బుజ్జగించాడు. పాపం, ఆరు నెలలుగా నొప్పి తగ్గించినవాడి మాట కదా, నమ్మింది. వణుక్కుంటూనే దిగింది.

అరగంట కాలేదు. మసి నోట్లోంచి సొంగ తీగలుగా సాగింది. కాళ్ళు కొట్టుకోవడం మొదలుపెట్టాయి. మిగతా రెండూ కక్కుకుంటూ కూలబడ్డాయి. ముసలావిడ నెత్తీ నోరూ బాదుకుంటూ పశువుల డాక్టరుకి ఫోన్ చేస్తే, ఆయన పక్క ఊళ్ళో ఉన్నాడు. ఫోను మాస్టారికి ఇమ్మన్నాడు.

"గుంటలో మందు చల్లారా? నిజం చెప్పండి. మీరు చెప్పినదాన్ని బట్టే ఇప్పుడు నేనేం చెయ్యమనేది ఉంటుంది."

అందరి కళ్ళూ తన మీదే ఉన్నాయి. మాస్టారు నీళ్ళు నమిలాడు. "లేదండీ... బాగున్న నీళ్ళే. ఎండదెబ్బేమో."

ఎండదెబ్బయితే తడిపి చల్లబరచమన్నాడు డాక్టరు. మాస్టారు బకెట్టు తీసుకుని, అదే గుంటలోంచి ముంచి, అవే నీళ్ళు ఆ మూడింటి ఒంటి మీదా, మూతి మీదా తన చేత్తోనే పోశాడు. తెలిసి పోశాడండీ! మధ్యాహ్నానికి మూడూ పోయాయి.

ముసలావిడ ఏడవలేదు. మసిని చీరముక్కలో చుట్టుకుని లేస్తూ, ఉన్నట్టుండి మాస్టారి చెయ్యి పట్టుకుని వెలుతురులోకి తిప్పింది. గోళ్ళ సందుల్లో నీలం. నలభై ఏళ్ళుగా రంగుల మధ్య బతికిన మనిషి, ఆ నీలం మైలుతుత్తానిదని ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు.

"నిజం చెప్పడానికి నీకు నోరు రాలేదు కదూ," అంది మెల్లగా. అప్పటిదాకా మీరూ మీరూ అన్న మనిషి. "సరే. ఇక ఎప్పటికీ రాకపోనీ."

ఆ మాట అనేసి వెళ్ళిపోయింది.

ఎనిమిది రోజులు గడిచాయి. గేటుకి తాళం వేసి, మరమ్మతులని బోర్డు పెట్టాడు. తాళంచెవి జేబులోంచి తీసేవాడు కాదు. భార్యతో కూడా ఎండదెబ్బనే చెప్పాడు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఆకాశం మసకబారి, పట్టపగలే దీపాలు వేసుకోవాల్సినంత చీకటి కమ్మి, వాన దంచికొట్టింది. మాస్టారు బజార్లో ఉన్నాడు. ఫోన్ మోగింది.

"ఏమండీ... పిచ్చుక మెట్ల మీద పడిపోయి ఉంది. ఒళ్ళంతా తడిసి ఉంది, వానలో ఆడుకుందేమో... వాంతులు ఆగట్లేదు. ఆసుపత్రికి తీసుకెళ్తున్నా, తొందరగా రండి!"

మాస్టారి పైప్రాణాలు పైనే పోయాయి. బండి మీద ఎలా వచ్చిపడ్డాడో అతనికే తెలియదు. చిన్న ఆసుపత్రి, రెండే గదులు, పొడవాటి వరండా. మంచం మీద పిల్ల. పెదవుల చివర్నుంచి సొంగ... తీగలా సాగుతోంది. కాళ్ళు సన్నగా కొట్టుకుంటున్నాయి.

అది చూడగానే అతనికి అంతా అర్థమైపోయింది. ఆ కాళ్ళు కొట్టుకోవడం ఎక్కడ చూశాడో మరిచిపోతాడా?

డాక్టరమ్మ పిల్ల కనురెప్పలు విప్పి చూస్తూ అడిగింది. "ఏమైనా తినకూడనిది తిందా? మీ ఇంటి పక్కన గుంట ఉందటగా. అందులో దిగిందా? ఆ నీళ్ళెలాంటివి? తొందరగా చెప్పండి. దాన్ని బట్టే వైద్యం."

చెప్పేద్దాం. పేరు గంగలో కలిసిపోనీ, జైల్లో వేస్తే వేయనీ, చెప్పేద్దాం. ఆ క్షణంలో అతనికి ఏది ముందో తేలిపోయింది. నోరు తెరిచాడు.

"బాగున్న నీళ్ళే," అన్నాడు.

తన మాటకి తానే ఉలిక్కిపడ్డాడు. మళ్ళీ ప్రయత్నించాడు. విషం అందామనుకున్నాడు. నాలుక తిరిగింది.

"బాగున్న నీళ్ళే."

"పోనీ, పిల్ల గుంటలో దిగి ఉంటుందంటారా?"

అవునని తలూపబోయాడు. మెడ వెనక ఎవరో పట్టుకుని తిప్పినట్టు... తల అడ్డంగా ఊగింది. బల్ల మీది కాగితం, పెన్ను లాక్కుని రాశాడు. డాక్టరమ్మ తీసుకుని చదివి, విసుగ్గా పక్కన పెట్టింది. బాగున్న నీళ్ళే. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, వణుకు కూడా లేదు.

"ఎండదెబ్బేమో," అని కూడా అంది అతని నోరు. అతను అనలేదు.

అప్పుడు వచ్చింది వాసన. తడిసిన కుక్క వాసన... దాని కింద కుళ్ళిన పాచి వాసన. వెనక వరండాలో ఏదో ఒళ్ళు దులుపుకున్న చప్పుడు. టపటపటప... అతని మెడ మీద చల్లటి తుంపర పడింది. తిరిగి చూశాడు.

ఎవరూ లేరు. నేల మీద మాత్రం తడి అడుగులు... మూడు వరసలు. లోపలికి వచ్చినవే. బయటికి వెళ్ళినవి లేవు.

మాస్టారు పరుగెత్తాడు. మాట చెప్పనివ్వకపోతే ఆ నీళ్ళే తెచ్చి చూపిస్తాను, అనుకున్నాడు.

గేటు దగ్గర బండి పడేసి చూస్తే తాళం వేసినట్టే ఉంది. తాళంచెవి తన జేబులోనే ఉంది. మరి పిల్ల లోపలికెలా వెళ్ళింది? తాళం తీసి లోపలికి వెళ్ళాడు. వాన కుండపోతగా కురుస్తోంది. కంచె మీద పడుతోంది, రాళ్ళ మీద పడుతోంది, అతని నెత్తి మీద పడుతోంది. గుంటలో నీళ్ళు మాత్రం... కదలట్లేదు. ఒక్క చుక్క పడ్డ గుర్తు లేదు. అడుగున రాళ్ళు లెక్కపెట్టొచ్చు.

మోకాళ్ళ మీద కూర్చుని, వెంట తెచ్చిన ఖాళీ మంచినీళ్ళ సీసా ముంచాడు. వెనక మూడు చోట్ల నుంచి ఎగశ్వాస వినిపించింది. హహ్... హహ్... హహ్... చెవి పక్కనే, వెచ్చగా.

"నన్ను తినేయండి," అని గుసగుసగా బతిమాలబోయాడు. "అది పసిదిరా. దాన్ని వదిలేయండి."

నోట్లోంచి వచ్చింది వేరు. "బాగున్న నీళ్ళే... బాగున్న నీళ్ళే..."

ఎగశ్వాస ఆగలేదు. కోపం కూడా లేదు అందులో. కాచుకుని కూర్చున్నట్టుంది, అంతే.

ఆసుపత్రికి తిరిగొచ్చేసరికి పిల్ల గోళ్ళు నీలబడ్డాయి. మాస్టారు సీసా డాక్టరమ్మ చేతిలో పెట్టాడు. ఆవిడ ఎత్తి చూసింది. తాగే నీళ్ళలా తళతళా మెరుస్తున్నాయి.

"బాగున్న నీళ్ళే," అంది అతని నోరు.

"నాకిప్పుడు దాహంగా లేదండీ!" అని కసురుకుంది ఆవిడ. "ఈయనకి మతి పోయినట్టుంది. కాస్త బయట కూర్చోబెట్టమ్మా."

భార్య చెయ్యి పట్టుకుని లాగింది. మాస్టారు విదిలించుకున్నాడు. ఇంకొక్కటే దారి మిగిలింది. మూత తీసి, డాక్టరమ్మ కళ్ళలోకి చూస్తూ, సీసా ఎత్తి గటగటా తాగేశాడు. సగం తాగి, మిగతా సగం పిల్ల మంచం పక్కన పెట్టి, పిల్లనీ సీసానీ మార్చి మార్చి చూపించాడు. ఆ చూపుడువేలిని మాత్రం ఎవరూ ఆపలేదు. ఆపలేదో... ఆపదలుచుకోలేదో.

పావుగంటలో అతని నోటి చివర సొంగ సాగింది. కాళ్ళు కొట్టుకున్నాయి. నేల మీద పడి, పిల్ల ఎలా ఉందో అచ్చం అలాగే ఉన్నాడు.

డాక్టరమ్మ సీసా వాసన చూసింది. మొహం పాలిపోయింది. "అయ్యో! ఇది పాచి విషమమ్మా! నిలవ నీళ్ళు! ముందు పిల్ల ఒళ్ళు కడగండి, ఆక్సిజన్ పెట్టండి, ఊపిరి కనిపెట్టుకుని ఉండండి... ఇద్దరికీ!"

సాయంత్రానికి వాన సన్నబడింది. మాస్టారికి స్పృహ వచ్చింది. చేతికి సెలైన్, కాళ్ళలో చుక్క సత్తువ లేదు. పక్క మంచం మీద పిచ్చుక కళ్ళు తెరిచి కప్పుకేసి చూస్తోంది. గోళ్ళకి రంగొచ్చింది. బతికింది! మాస్టారికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. భార్య కళ్ళు తుడుచుకుంటూ మందుల షాపుకి వెళ్ళొస్తానని లేచింది. గదిలో ఇద్దరే మిగిలారు.

పిల్లని పిలుద్దామని నోరు తెరిచాడు. ఈసారి ఆ అబద్ధం కూడా రాలేదు. గాలి వచ్చింది, అంతే. గొంతు ఉండాల్సిన చోట గొంతు లేదు.

"నీ మీద కోపం నాకు," అంది పిచ్చుక కప్పుకేసి చూస్తూనే, నీరసంగా. "లోతు లేదన్నావు. పట్టుకుంటానన్నావు. మరి పట్టుకోలేదేం?"

మాస్టారు తల పిల్ల వైపు తిప్పాడు.

"గేటు కూడా నువ్వే తీశావుగా. కంచె అవతల నిలబడి ఎంతసేపు పిలిచావో! వానలో నువ్వు కనపడలేదు. కానీ నీ గొంతే నాన్నా. నాకు తెలీదా నీ గొంతు?"

ఆ వేళకి తను బజార్లో ఉన్నాడు. అది చెప్పడానికి పెదవులు కదిపాడు. గాలి.

కిటికీ బయట ఏదో ఒళ్ళు దులుపుకుంది. టపటపటప... తర్వాత ఒక గొంతు వినిపించింది. లాలనగా, నింపాదిగా, ఎంత మొండి ప్రాణినైనా నమ్మించే గొంతు. తన గొంతు.

"పిచ్చుకా... వాన తగ్గిందమ్మా. రా, ఇంటికి పోదాం."

మాస్టారు అరిచాడు. నరాలు తెగేలా అరిచాడు. గదిలో చప్పుడు లేదు. సెలైన్ సూది పీకి పారేసి లేవబోయి, మంచం మీంచి కింద పడ్డాడు. పాకాడు. చెయ్యి చాచాడు.

పిల్ల కాళ్ళు మంచం కిందికి దించింది. నేల మీద పడి ఉన్న మనిషి వైపు చూడనైనా లేదు. కిటికీ వైపే చూస్తూ, కోపం పోయిన గొంతుతో అంది.

"వస్తున్నా ఉండు నాన్నా. చెప్పులు వేసుకోనీ."