గాటు పడని బొంగరం

ఆ ఉదయం పళ్లెం మీదకు ఎక్కినవన్నీ బుద్ధిగా చెప్పిన చోటికి పోయే వస్తువులే. కీ ఇస్తే నడిచే రేకు రైలు, తూకానికి అమ్మే తక్కెడ సంతకు పోయింది. డబ్బా నిండా ఉన్న అగ్గిపెట్టె బొమ్మలు, ఒకదానికొకటి మార్చుకునే జోడీ సంతకు పోయాయి. అట్టపెట్టె కూడా విప్పని బొమ్మ కారు సూటిగా కోశానికి పోయింది. పళ్లెం మీది వస్తువును పరీక్షించే యంత్రం, నిర్ణాయకం, సంత పేరు చెబుతుంది, హైమవతి వేలిముద్ర వేస్తుంది, పళ్లెం కింద తలుపు తెరుచుకుని వస్తువు జారిపోతుంది. సంతల కార్యాలయం అనకాపల్లి శాఖలో ఆమె ఉద్యోగం ఇంతే. ఈ మాత్రం దానికి మనిషెందుకని వరసలో నిలబడ్డవాళ్లు అప్పుడప్పుడూ అడుగుతారు. మనిషి వేలిముద్ర పడాలని చట్టంలో ఉంది కనుక, అంటుందామె.

ఎక్కువ ధర పలికేది కోశంలోనే. అక్కడికి చేరిన వస్తువుకు గాజుముద్ర వేసి, సముద్రం అడుగున చల్లటి అరలో పెడతారు. దాని యాజమాన్యం మాత్రం పూటకో చేయి మారుతుంది. వస్తువును ఇక ఎవరూ ముట్టుకోరు, కొన్నవాడితో సహా. చేతిసంత దీనికి పూర్తిగా వ్యతిరేకం. కొన్న వస్తువు ఇంటికే వస్తుంది, వాడుకోవచ్చు, విరగ్గొట్టుకోవచ్చు కూడా. అందుకే అక్కడి తక్కువ ధరలు చూసి జనం మొహం తిప్పుకుంటారు.

మధ్యాహ్నం ముందు పైడిరాజు వచ్చాడు. ఓడరేవులో క్రేను నడిపి రిటైరైన మనిషి. ఎడమ చేతిలో గుడ్డసంచి ఉంది, కుడి చెయ్యి కండువా కింద ఉంది. సంచిలోంచి ఒక్కో బొంగరాన్నీ తీసి పళ్లెం మీద పెట్టాడు. ఒళ్లంతా గాట్లు పడ్డ పాత చండ్ర కర్ర బొంగరాలు. నిర్ణాయకం ప్రతిదానికీ ఒకటే మాట చెప్పింది: "వాడినది. చేతిసంత." ఒక్కో మాటకూ ఆయన మొహం విచ్చుకుంది.

చివరిగా తీసింది నల్లగా, నున్నగా ఉంది.

"ఈడు నల్లోడమ్మా," అన్నాడు, పెళ్లికొడుకును చూపించినట్టు.

"అక్షతం. వాడిన జాడ లేదు. కోశం," అంది నిర్ణాయకం. పక్కనున్న తెర మీద ధర వెలిగింది. వరసలో వెనకనున్న ఆవిడ "అమ్మో!" అని నోరు నొక్కుకుంది.

"అదేటి? వాడనేదా?" పైడిరాజు గొంతు లేచింది. "ఈడు ఆడినంత ఇంకేదీ ఆడనేదమ్మా! ఓడిపోయిన బొంగరాన్ని గుండ్రంగా గీసిన గిరిలో పెడతారు. గెలిసినోడు దాని నెత్తి మీద మేకు దించుతాడు. గాటంటే అదీ. ఈడు ఒక్కసారి కూడా గిరిలో కూకోనేదు. అందుకే గాటు నేదు!"

హైమవతికి వెంటనే అర్థమైంది. చోడవరంలో చిన్నప్పుడు ఆమె దగ్గరా ఒక బొంగరం ఉండేది, గాట్లతో జల్లెడలా. ఆమె అభ్యంతరం నమోదు చేసింది. మేకు అరుగుదల చూపమంది నిర్ణాయకం. ఏటేటా కొత్త మేకు దిగ్గొట్టేవాణ్ణని ఆయన చెప్పాడు. అయితే ఆధారం లేదు, కోశమే, అంది నిర్ణాయకం.

"బాబాయ్, ధర చూశారా?" అంది హైమవతి మెల్లగా.

"సూశాను. డబ్బు సేదా నాకు? కానీ ఈణ్ణి అద్దాల పెట్టిలో పెట్టి సముద్రంలో దించుతానంటే నా పేణం ఒప్పుకోదమ్మా. ఈడు తిరగాల."

"పోనీ ఇంటికి తీసుకెళ్లిపోండి."

"ఇంటికాడ మాత్రం ఏటుంది? అల్మరా. మా అంతస్తుల్లో బొంగరం ఆడినోడు ఒక్కడు నేడు. ఆడేవోళ్లు ఎక్కడెక్కడో ఉన్నారు. ఆళ్లకి చేరాలంటే మీ చేతిసంతే దారి."

"మీరే ఆడొచ్చు కదా?"

ఆయన కండువా తీశాడు. కుడి చేతి వేళ్లు ఆగకుండా వణుకుతున్నాయి. "పచ్చవాతం వొచ్చి పోయింది. అప్పట్నుంచీ ఈణ్ణి ఇసరనేదు. ఇసిరితే ఓడిపోతాడని బయమేసింది," అన్నాడు. ఆ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పినట్టు లేదు. చెప్పి తల వంచుకున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు. "గాటు పడితే చేతిసంతకి ఎల్తాడా?"

"వెళ్తాడు. కానీ మనం కావాలని పొడిస్తే నిర్ణాయకం దాన్ని నష్టం కింద రాస్తుంది. ఏ సంతా తీసుకోదు."

"పొడవడమేటి తల్లీ! ఆడదాం. నియమం పెకారం."

హైమవతి వరస వైపు చూసింది. తిడతారనుకుంది. వెనకావిడ అప్పటికే కుర్చీలు గోడకు జరిపేస్తోంది. హైమవతి మార్కరు తీసి నున్నటి నేల మీద గిరి గీసింది.

పైడిరాజు ఎడమ చేత్తో తాడు చుట్టాడు. చాలాసేపు పట్టింది. కుడి చెయ్యి ఎత్తి విసిరాడు. నల్లోడు ఒక్క చుట్టు కూడా తిరగలేదు. పక్కకు దొర్లి, పళ్లెం కాలికి తగిలి ఆగిపోయాడు. తిరగని బొంగరం ఓడినట్టే. ఆయనే వంగి, తీసి, తుడిచి, గిరి మధ్యలో పెట్టాడు.

"కొట్టమ్మా."

"నా వల్ల కాదు బాబాయ్."

"జాలి పడ్డావంటే ఆడికి అవమానం. ఆటంటే ఆటే. కొట్టు!"

గాట్ల బొంగరాల్లో ఒక సొట్టదాన్ని తీసుకుందామె. మొదటి విసురు గిరి బయట పడింది. "అబ్బ, ఎంత బాగా కొట్టావే!" అని వెనకావిడ వెక్కిరించింది. హైమవతికి రోషం వచ్చింది. చెప్పులు విప్పేసి, చీర చెంగు దోపి, రెండోసారి విసిరింది. ఠక్ మంది. నల్లోడు ఎగిరి గిరి దాటాడు.

పైడిరాజు దాన్ని అందుకుని బొటనవేలితో తడిమాడు. "దిగిందమ్మా, మంచి దెబ్బ," అన్నాడు. కళ్లనిండా నీళ్లు. "ఏడుపొచ్చేస్తంది. నవ్వూ వొచ్చేస్తంది. ఏటో!"

పళ్లెం మీద మళ్లీ పెట్టారు. "కొత్త నష్టం. కారణం?" అంది నిర్ణాయకం. ప్రమాదం, రవాణా, దురుద్దేశం అని మూడు చూపించింది. హైమవతి నాలుగోది తన చేత్తో రాసింది: నల్లోడు ఆటలో ఓడిపోయాడు.

"ఇంతకు ముందు ఓడిపోలేదా?" అని అడిగింది నిర్ణాయకం.

"లేదు."

"అయితే జాడ లేనంత మాత్రాన వాడనిది కాదు."

"కాదు," అని హైమవతి తను రాసినదాని కింద వేలిముద్ర వేసింది.

"వాడినది. చేతిసంత," అంది నిర్ణాయకం. ఆ వెంటనే గోడ మీది ధరల పలక పై నుంచి కింది దాకా పసుపు రంగుకు తిరిగింది. కోశంలో అక్షతమని ముద్ర పడ్డ ప్రతి వస్తువు పక్కనా 'పునఃపరిశీలన' అని వెలిగింది. అమ్మకాలు ఆగిపోయాయి. విశాఖ కార్యాలయం నుంచి ఫోను మోగడం మొదలైంది. ఉద్యోగం పోవచ్చని హైమవతికి తెలుసు. అయినా ఫోను ఎత్తలేదు. తెర మీదకు చేతిసంత నుంచి ఒక సందేశం వచ్చింది. ఎవరో బొబ్బిలి మనిషి.

ఆమె పైకి చదివింది. "'నల్లోణ్ణి తీసుకుంటాను. వాణ్ణి కొట్టిన బొంగరం ఏది? దాన్నీ పంపండి. పగ తీర్చాలి.'"

పైడిరాజు పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. సొట్టదాన్ని నల్లోడి పక్కన పెట్టి, నల్లోడికి ఎడమ చేత్తో తాడు చుట్టడం మొదలుపెట్టాడు.

"తాడుతో సహా పంపకూడదు బాబాయ్, నిబంధన," అంది హైమవతి.

"సుట్టి పంపితే ఎల్లగానే ఇసురుతారు కదమ్మా."

ఆయన వేళ్లు జారుతుంటే ఆమె తాడు కొస పట్టుకుంది. చుట్టడం అయ్యాక వేలిముద్ర వేసింది.