వెలిసిపోతున్న ముఖాలు

డిటెక్టివ్ రాజేశ్వర్ ఆఫీసు మెట్లెక్కేసరికి బద్రీనాథ్ చొక్కా వీపుకు అతుక్కుపోయింది. సంగారెడ్డి నుంచి బస్సులో నిలబడి వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"నన్ను బతికించాలె సార్. నేను తీసిన ఫోటోల్లకెల్లి మనుషులు మాయమైతున్నరు!"

మూలన రాసుకుంటున్న అసిస్టెంటు బాపిరాజు ఉలిక్కిపడి తలెత్తాడు. రాజేశ్వర్ మాత్రం మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపాడు.

తాతలు బెల్లం, కందులు అమ్మిన కొట్టులోనే బద్రీనాథ్ తెర కట్టి ఫోటో స్టూడియో పెట్టాడు. పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీలు లేచి నౌకర్లకు గుర్తింపు ఫోటోలు కావలసి వచ్చాక పని ముమ్మరమైంది. ఎదురు వరుసలో నరసరాజు స్టూడియో ఉంది. అతన్ని దెబ్బ తీయడానికి బద్రీనాథ్ 'ఊరందరికన్నా తక్కువ రేటు' అని బోర్డు కట్టించాడు. రెండేళ్ళు గిరాకీకి తిరుగులేదు.

ఇప్పుడు స్టూడియో మెట్లెక్కే మనిషి లేడు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట దారిలోని ఒక చిన్న ఊళ్ళో, పోయిన పెద్దల ఫోటోలు గోడల మీదే వెలిసిపోతున్నాయి. ఊరు దాన్ని బాణామతి చేతబడి అంది. చేసింది మల్లవ్వ అనే విధవరాలట. ఇల్లిల్లూ తిరిగి ఫోటోల ముందు గుడ్లప్పగించి నిలబడుతోందట.

"అమావాస్య లోపల ఆమె పళ్ళు ఊడగొట్టి ఊరు దాటిస్తమంటున్నరు. నా కెమెరాకు గూడ శని పట్టిందంటున్నరు. ఇదంత నరసరాజు చేయించిందే సార్, మీరు పట్టియ్యాలె." ఆపైన నసిగాడు. "ఫీజు జెర తగ్గించుండ్రి."

"తగ్గించవచ్చు సేఠ్. పనిలో ఏది తగ్గించాలో కూడా మీరే చెప్పండి."

బద్రీనాథ్ నవ్వేశాడు. రాజేశ్వర్ నవ్వలేదు.

మర్నాడు ముగ్గురూ ఆ ఊరి పెద్ద అంజయ్య ఇంటికి వెళ్ళారు. గోడ మీద పక్కపక్కనే రెండు ఫోటోలున్నాయి. తండ్రిది బద్రీనాథ్ చేసింది. దండ వెనక పసుపుపచ్చటి మరక, అందులో కళ్ళూ మీసమూ ఉన్నాయో లేవో అన్నట్టున్నాయి. తల్లిది అంతకన్నా పాతది, నరసరాజు తీసింది. ఆమె ముక్కుపుడక కూడా చక్కగా కనిపిస్తోంది.

"మల్లవ్వ ఏ ఫోటో ముందు నిలబడింది?"

"రెండూ ఒక్క గోడకే ఉండె గద సార్. రెండూ సూసింది," అన్నాడు అంజయ్య.

"మరి బాణామతికి ఒక్కటే ఎందుకు నచ్చింది?"

అంజయ్య మీసం సవరించుకున్నాడు. తరువాత పోతిరెడ్డిపల్లిలో బద్రీనాథ్ పాత గిరాకీ ఇల్లు చూశారు. మల్లవ్వ పేరైనా ఎరుగరు అక్కడ. ఆ ఇంటి తాతా అలాగే వెలిసిపోయాడు. ఎందుకో బద్రీనాథ్‌కు తెలుసు, తెలియనట్టు ఊరుకున్నాడు.

స్టూడియోలో చీకటి గదిని రాజేశ్వర్ తీరిగ్గా చూశాడు. ఒకే ఒక బొక్కెన. తొట్టెలో బొమ్మను నిలబెట్టే మందు, హైపో, చాయ్ రంగుకు తిరిగి ఉంది.

"ఫోటోలు బాగా కడుగుతారా సేఠ్?"

"మంచిగనే కడుగుతం సార్."

అబద్ధం నోట్లోంచి నున్నగా జారింది. గల్లాపెట్టె పైన అతని తల్లి శకుంతల ఫోటో ఉంది. రాజేశ్వర్ దాని ముందు ఆగాడు.

"ఇదెప్పటిది?"

"అంజయ్య తండ్రి ఫోటోతోనే చేసిన సార్. గదే కాగితం, గదే కెమెరా." తల్లి మాటొచ్చేసరికి గర్వం ఆగలేదు. బాపిరాజు మాత్రం, దేవుడికి హారతి పడుతున్నప్పుడు చూసినట్టు, తన గురువు ముఖంలోకే చూస్తున్నాడు. అక్కడ ఏదో తేలిపోయిందని అతను కనిపెట్టాడు.

అమావాస్య ముందురోజు పొద్దున్నే అంజయ్య వాకిట్లో ఊరంతా చేరింది. మల్లవ్వ ఒక వారగా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. బాపిరాజు తువ్వాలలో చుట్టిన పటాన్ని తెచ్చి విప్పాడు. బద్రీనాథ్ తల్లి ముఖం ఎండలో తళుక్కుమంది.

"ఇది చేసింది ఎవరు సేఠ్?" అన్నాడు రాజేశ్వర్.

"నేనే."

"అంజయ్య తండ్రి ఫోటోతోపాటు, అదే కాగితం మీద. ఆయన వెలిసిపోయాడు, ఈమె నిలిచింది. మల్లవ్వ అడుగుపెట్టని ఊళ్ళోనూ వెలిశాయి. నరసరాజు చేసినవి మల్లవ్వ కళ్ళెదుటే నిలిచాయి. కనుక ఇది ఆమె చూపులో లేదు, నరసరాజు కుట్రలోనూ లేదు. చేతిపనిలో ఉంది. సేఠ్, మీ అమ్మగారి ఫోటోకు మీరు ఏం ఎక్కువ చేశారు?"

బద్రీనాథ్‌కు భూమి చీలితే బాగుండుననిపించింది.

"కొత్త హైపో కలిపిన," అన్నాడు చివరికి. "బాయి కాడికి తీస్కపోయి, నీళ్ళు మార్చుకుంట మార్చుకుంట కడిగిన."

"మిగతావాళ్ళవి?"

"రేటు తగ్గించిన గద సార్. మందుకు, నీళ్ళకు గిట్టలే. నెగెటివులకు కొత్త మందేసి, సచ్చిన మందుల ఫోటోలు ముంచిన. అన్నీ ఒక్క బొక్కెనల జాడించిన. కాగితంల మందు మిగిల్తే ఖరాబైతయని ఎరికే. గింత జల్దీ అయితయనుకోలే."

"తగ్గించిన రేటు మీ జేబులోంచి పోలేదు సేఠ్," అన్నాడు రాజేశ్వర్ మెల్లగా. "వీళ్ళ ముఖాల్లోంచి పోయింది."

పళ్ళు ఊడగొడతామన్న అంజయ్య నేల చూపులు చూస్తున్నాడు. రాజేశ్వర్ మల్లవ్వ వైపు తిరిగి అడిగాడు. "ఇల్లిల్లూ ఎందుకు తిరిగావవ్వా?"

"నా కొడుకు సత్తయ్య కంపెనీల పనిజేస్కుంట సచ్చిపోయిండు. వాని ఫోటో ఒక్కటుండె. అందరికన్న ముందుగాల గదే పోయింది. అందరియి గిట్లనే పోతున్నయా, నా కొడుకే నన్ను ఇడిసిపెట్టిపోయిండా అని సూడబోయిన."

బద్రీనాథ్ ఆమె ముందు చతికిలబడ్డాడు. "నెగెటివు మంచిగుంది అవ్వా. మళ్ళ చేసిస్త. పైసలు వద్దు."

మల్లవ్వ అతన్ని తిట్టలేదు. తిడితే బాగుండేది.

"అప్పుడు నువ్వెంత అడిగితే గంత ఇచ్చిన. ఇంకో రెండు రూపాయలు అడిగుంటే ఇయ్యకపోదునా బిడ్డా?"

బద్రీనాథ్ ఆ రోజే రాజేశ్వర్‌కు ఫీజు మొత్తం పైసా తగ్గించకుండా చెల్లించి, దుకాణానికి వచ్చి బోర్డు దించేశాడు.

సత్తయ్య ఫోటోను మరునాడే అచ్చు వేశాడు. పళ్ళెంలో పెట్టుకుని బావి దగ్గరికి తీసుకెళ్ళాడు. మల్లవ్వ గట్టు మీద కూర్చుని కాపలా కాసింది. చేది పోశాడు, పారబోశాడు, మళ్ళీ చేదాడు. నీళ్ళలో కుర్రాడి ముఖం తేటగా ఉంది.

"ఇగ చాలు బిడ్డా, చేతులు బొబ్బలెక్కుతయి," అంది మల్లవ్వ.

"ఇంకొక్క బొక్కెన అవ్వా," అన్నాడు తలెత్తకుండా, తాడు మళ్ళీ బావిలోకి వదులుతూ.