సర్వర్ రూముల రుక్కమ్మ

సిరిసిల్లల ఆ స్కానింగ్ సెంటర్ వెనుక గదికి రాత్రి పది దాటినంక ఎవలూ పోరు. పగలు పోతరు — అదీ చెప్పులిడిసి. ఒకప్పుడది బట్ట నేసే సాంచాల షెడ్డు. అండ్ల నూలు కండెలు చుట్టే రుక్కమ్మ, రాట్నం ముందట కూసున్నది కూసున్నట్టే పాణమిడిసిందట. అప్పటిసంది ఆ గది ఇడవలేదంటరు.

దయ్యమంటే ఎప్పుడూ ఆడదే ఎందుకైతదని నేనడిగిన. మగోళ్లు సచ్చినంక గూడ పని ఎగ్గొడుతరు గావచ్చు.

నాకీ సంగతి చెప్పింది స్వరూప. అక్కడ రికార్డుల ఆపరేటర్. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల — మూడు సెంటర్లల తీసిన స్కాన్లన్నీ ఆ గదిల, బీరువంత సర్వర్ పెట్టెల వచ్చి పడుతయి. ఇరవై నాలుగు డిస్కులు. మూడూర్ల జనం తలకాయలు, గుండెకాయలు, ఇరిగిన బొక్కలు అన్నీ అండ్లనే.

పోయిన నెల ఆ పెట్టెకు ఏదో పట్టుకున్నది. సాయంత్రం మూడూర్ల స్కాన్లు ఒక్కసారి వచ్చినయంటే... తెర మీద గీత సగం దాక పోయి ఆగుతది. కదలదు. లోపలికెంచి సన్నగ ఏడుపు. కీ... కీ... రాత్రంత.

"రుక్కమ్మ చెయ్యి అడ్డం పెడుతున్నది" అన్నరు. నిమ్మకాయలు కట్టిన్రు.

ఓనరు జలపతి మాత్రం నవ్విండు. "దయ్యం లేదు, గియ్యం లేదు. నేను ఎమ్మెస్సీ సదివిన!"

ఒకనాడు ఏడుపు ఆగింది. పెట్టె లేగదూడ తీరు ఉరికింది. మూడోనాడు కరెంటు పోయింది, ఇన్వర్టర్ గూడ చేతులెత్తేసింది. కరెంటొచ్చినంక చూస్తే — తొమ్మిది మంది స్కాన్లు లేవు. 'సేవ్ అయింది' అని తెర చెప్పినవే. లేవంటే లేవు.

"నువ్వే తీసేసినవ్," అన్నడు జలపతి స్వరూపను, అందరి ముందట. "పొద్దటికల్లా దొరకకుంటే ఇంటికి పో. ఈ జిల్లల ఎవడు నీకు పనిస్తడో నేను చూస్త."

ఏడేండ్లసంది ఒక్క ఫైలు తప్పు పోనియ్యలే ఆమె.

ఆ రాత్రి పదిన్నరకు స్వరూప ఒక్కతే ఆ గదిలకు పోయింది. వాచ్‌మన్ చూస్తడని లైటెయ్యలే. ఏసీ చలికి, స్కాన్ బల్ల మీది తెల్ల దుప్పటి కప్పుకొని పెట్టె ముందట కింద కూసున్నది. చీకట్ల ఫ్యాన్లు హూ... మంటున్నయి. నారింజ రంగు చుక్క ఒకటి రెప్ప కొడుతున్నది.

ఈ పెట్టెను గూడ సూసుకునే జగిత్యాల టెక్నీషియన్ మహేందర్‌కు ఫోన్ చేసింది. గుసగుసగ.

"తమ్మీ, ఈ పెట్టె ఎందుకేడ్చిందిరా?"

"ఏడుపు గాదక్కా... లోపలి బ్యాటరీ సచ్చిందని మొత్తుకునుడు."

"బ్యాటరీకి, స్కాన్లు ఆగుడుకు ఏం సంబంధం?"

"మీ ఇంట్ల కండెలు చుడుతరు గదా? చుట్టి గంపల ఏస్తరు, సాంచా నిమ్మలంగ తీసుకుంటది. చుట్టేటామె చెయ్యి ఆగదు. పెట్టెల గూడ అసొంటి గంపుంటది. స్కాన్ రాంగనే గంపల ఏసుకొని 'సేవ్ అయింది' అంటది. డిస్కుల మీద రాసుడు తర్వాత. నడుమ కరెంటు పోతే గంపను కాపాడేది బ్యాటరీ. అది సావంగనే పెట్టె భయపడి గంప మూసేసింది. అన్నీ నేరుగ డిస్కు మీదనే రాసుడాయె. అందుకే ఆగుడు."

"మరి మళ్ల ఎట్లురికింది?"

మహేందర్ మెల్లగ అన్నడు. "సారు బ్యాటరీ కొననన్నడు. బలిమికి నాతోని గంప తెరిపిచ్చిండు. మొత్తుకునుడు బందు చేపిచ్చిండు. కరెంటు పోయింది, గంపలయి గంపలనే పోయినయి. గంప సంగతి సారుకు గూడ ఇట్లనే చెప్పి అద్దన్ననక్కా! నా పేరు మాత్రం చెప్పకు."

"గంప తెరిపిచ్చింది సారేనని పెట్టెల పేరుంటదా?"

"'అడ్మిన్' అనుంటది. అది నువ్వైనా కావచ్చు."

సాక్ష్యం లేదు. తెల్లారితే దొంగ పేరు. స్వరూప ఫోన్ పెట్టేసి పళ్లు కొరుక్కున్నది.

అప్పుడు — తలుపు కిర్రుమన్నది.

అడుగులు... ఆగి ఆగి... ఉత్తకాళ్ల చప్పుడు. వాచ్‌మన్ బూట్లు గావు. పసుపు వాసనొచ్చింది. గాజులు గలగలమన్నయి.

స్వరూప దుప్పటి నెత్తి మీదికి గుంజుకున్నది.

సెల్ వెలుగు పడ్డది. "అమ్మో... రుక్కమ్మా!"

జలపతి! ఎమ్మెస్సీ జలపతి. ఒక చేతిల పట్టుచీర, డజను గాజులు. ఇంకో చేతిల ఒడిబియ్యం మూట. బ్యాటరీకి రాని చెయ్యి చీరకెట్లొచ్చిందో సూడుండ్రి.

మోకాళ్ల మీద పడ్డడు. "తప్పయింది తల్లీ... గంప నేనే తెరిపిచ్చిన. ఆ పిల్ల తప్పేం లేదు. బ్యాటరీ రేపే తెప్పిస్త. నన్నిడిసిపెట్టు..."

స్వరూప తిరగలే. గొంతు బొంగురు జేసి ఒక్కటే మాటన్నది.

"రాసియ్యి."

రాసిచ్చిండు. మూటకు చుట్టిన కాయితమిప్పి, జేబుల పెన్ను తీసి, సెల్ వెలుగుల రాసి, సంతకం పెట్టి ఉరికిండు. పొద్దుగాల ఆ కాయితం అందరి ముందట బల్ల మీద పెట్టింది స్వరూప. నౌకరీ నిలిచింది. మధ్యాహ్నానికి బ్యాటరీ వచ్చింది. ఆ తొమ్మిది మందిని పిలిచి పైస తీసుకోకుంట మళ్ల స్కాన్ తీసిన్రు.

మొన్న నాకు ఆ కాయితం చూపిచ్చింది. పొట్లం కాయితం గూడ ఇడిసిపెట్టకుంట సదివేదాన్ని నేను. తప్పు, తారీఖు, సంతకం — అన్నీ ఉన్నయి. ఆఖరి వరుస కాడ ఆగిన.

"ఇదేంది స్వరూపా?"

ఆమె అటిటు చూసి గొంతు తగ్గించింది. "అదే అక్కా... ఎవలకూ చెప్పలే. లోపల నేనొక్కదాన్నే ఉన్న."

వరుస ఇది —

'మీ ఇద్దరు తల్లుల ముందట ఒప్పుకుంటున్న.'