హాప్స్ వాసన చూసే రోజు

"ఇందులో ఏదో తేడా ఉంది బ్లాజ్ గారూ," అంది నేజా, అరచేతులు ముక్కుకు దూరంగా జరుపుతూ.

సావిన్యా లోయలో బ్లాజ్‌ది చిన్న హాప్స్ తోట. బీరుకు చేదూ సువాసనా ఇచ్చేది ఈ పూలే. పెద్ద కంపెనీలు అంత చిన్న తోటవైపు చూడవు. కొనేది నేజాలాంటి వాళ్ళే. ఆమె లుబ్లియానా నగరంలో సొంతంగా బీరు కాస్తుంది. కోత అయ్యాక వచ్చి, తనే వాసన చూసి ఎంచుకుంటుంది.

ఆమె రావడం ఏడాదికి ఒక్కసారి. మిగతా ఏడాదంతా ఆ ఒక్కరోజుకు పెట్టుబడి అని బ్లాజ్ లెక్క. కోత కూలీలు వెళ్ళిపోతే తోటలో మిగిలేవి స్తంభాలూ, వాటి మీద ఖాళీ తీగలూ. ఇంట్లో రేడియో మాట్లాడుతుంది, అతను వింటాడు. బదులు చెప్పే అవసరం పడదు.

ముందుగా రైతు గుప్పెడు పూలు తన చేతుల్లో నలిపి, వెచ్చబడ్డాక కొనేవాళ్ళ దోసిట్లో పోయడం అక్కడి పద్ధతి. గిడ్డంగిలో ఒక మూట విప్పి బ్లాజ్ అలాగే పోశాడు.

"సబ్బు వాసనలా వస్తోంది. ఆరబెట్టే గదిలో ఏమైనా ఒలికిందా?" అని అడిగింది.

బ్లాజ్‌కు అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున కొత్త సీసా విప్పి చెంపలకు సెంటు రాసుకున్నాడు; ఆ చేతులతోనే ఇప్పుడు పూలు నలిపాడు. ఈ రోజున వాసన సబ్బు కూడా ముట్టరని ఆ లోయలో చిన్నపిల్లలకు సైతం తెలుసు. అతను మాత్రం అద్దంలో తన ముఖం చూసుకుంటూ ఆ సంగతే మరిచిపోయాడు.

నిజం చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే బేరం పోతుంది. ఏది తక్కువ నష్టమో తేల్చుకునేలోపే, ఈ ఏడాదికి కుదిరేలా లేదని మెల్లగా చెప్పి, బయట పడుతున్న వానలోనే వ్యాన్ దగ్గరికి నడిచింది నేజా.

పూలు ఇంకెవరైనా కొంటారు, కాస్త తక్కువకైనా సరే. ఆమె మళ్ళీ రాకపోతే ఆ నష్టం పూడ్చేవాళ్ళు ఎవరూ లేరు. లెక్క అక్కడిదాకా రాగానే బ్లాజ్ పరుగెత్తాడు. గేటు దాటబోతున్న వ్యాన్‌కు అడ్డం నిలబడ్డాడు.

ఆమె అద్దం దించింది.

"పూలు బాగానే ఉన్నాయి. తప్పు నాది," అన్నాడు ఆయాసపడుతూ. "పొద్దున సెంటు రాసుకున్నాను."

"వాసన చూసే రోజునా?"

"అవును."

"మతి ఉందా మీకు? ఎవరికోసమని?"

బ్లాజ్ ఒకసారి ఖాళీ తీగలకేసి చూశాడు. "ఈ చుట్టుపక్కల మీరు తప్ప ఇంకెవరున్నారు?"

వ్యాన్ ముందు అద్దం మీద వైపర్ అటూ ఇటూ కదులుతోంది.

"మూడేళ్ళుగా మీ దగ్గర హాప్స్ వాసన తప్ప ఏదీ లేదు," అంది నేజా. "అందుకే పూలను అనుమానించానుగానీ మిమ్మల్ని కాదు." తన అరచేతులు చూసుకుంటూ, "ఈ పనిలోకి వచ్చాక నేను సెంటు మానేశాను. షాంపూ కూడా వాసన లేనిదే. ఎలాగూ సాయంత్రం తలుపు తీసేది నేనే, వేసేదీ నేనే," అంది.

ఇంజన్ ఆపి దిగింది.

అతన్ని గిడ్డంగి గుమ్మం బయటే, వానలో నిలబెట్టింది. చేతులు కడుక్కుని, ఇంకో మూట విప్పి, తనే నలుపుకుంది. కళ్ళు మూసుకుని చాలాసేపు వాసన చూసింది. నిమ్మతొక్కలా ఉందని, కింద ఎక్కడో దేవదారు కూడా తగులుతోందని చెప్పింది. అన్ని మూటలూ తనకే కావాలంది.

వ్యాన్ ఎక్కబోతూ వెనక్కి తిరిగింది.

"ఆదివారం వస్తాను. ఆ రోజు నేను కొనేదేమీ లేదు." నవ్వు ఆపుకుంటూ తలుపు వేసుకుంది. "సెంటు రాసుకోండి."

బ్లాజ్ ఇంట్లోకి వెళ్ళి, రేడియో పెట్టడం మరిచిపోయి, సీసా మూత గట్టిగా బిగించాడు. ఆదివారందాకా ఒక్క చుక్క కూడా ఆవిరి కాకూడదు.