సంజాయిషీకి పది నిమిషాలు

“నెల్లిమర్ల గోనె సంచులు దిగాయా?”

“దిగాయి. రెండు తడిశాయి.”

కోడ్ సరిపోయింది. విజయనగరంలో ఒక ఇత్తడి సామాన్ల కొట్టు పైగది. 2016 డిసెంబరు, సాయంత్రం నాలుగూ పది. ఏజెంట్ భాస్కర్ ఫోన్ చెవికి ఇంకాస్త దగ్గరగా పెట్టుకున్నాడు. అవతల చీఫ్ చంద్రమౌళి.

“విదేశీ ముఠా ఒక వేట పడవలో ట్రాన్స్‌మిటర్ దాచింది. నాలుగున్నరకి మన నౌక ఆ పక్కనుంచి వెళ్తుంది. ఆ సిగ్నల్ అందుకుని వాళ్లు పేల్చేస్తే నౌకలో మూడు వందల మందీ పోతారు. ఏ పడవో తెలీదు. వాళ్లకి ఆ పడవని వెతికిపెట్టింది మాత్రం నీ గ్రూపులోని లక్ష్మణమ్మ అకౌంట్. ఎవరు ఎక్కడ వల వేస్తారో అడుగుతూ పోస్టు పెట్టింది. ముందు ఆవిడని తీసెయ్. పోలీసులు ఆవిడ ఇంటికి బయల్దేరారు.”

“సంజాయిషీ అడక్కుండా మా గ్రూపులో ఎవర్నీ తియ్యం సర్.”

“మా గ్రూపా? అది నీ మారువేషం భాస్కర్.”

“పది నిమిషాలివ్వండి.”

మారువేషమే, కాదనలేం. ‘తీరం కబుర్లు’ అనే ఫేస్‌బుక్ గ్రూపులో పదకొండు వేల మంది మత్స్యకారులున్నారు. ఎనిమిది నెలలుగా అతను దానికి మోడరేటర్. గాలివాన కబుర్లు, చేపల రేట్లు, బావామరుదుల తిట్లు, అన్నీ అతని చేతిమీదుగానే పోవాలి. బూతు రాసినవాడు ఎంతటివాడైనా మూడు హెచ్చరికలు, ఆపైన బయటికి. కారణం అందరికీ కనిపించేలా రాయాలి. ఒక మోడరేటర్ తీసేస్తే అప్పీలు రెండో మోడరేటర్ వినాలి.

ఆ రూల్సు రాసింది రెండో మోడరేటర్ అరుణశ్రీ. ఆమె కూడా డిపార్ట్‌మెంట్ పంపిన ఏజెంటే. ఊళ్లో బట్టల వ్యాపారి కూతురు. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని స్కూటరు మీద వెళ్తుంటే బజారంతా బేరాలాపి చూసేది. మిషన్ ముగిశాక పెళ్లి అనుకున్నారిద్దరూ. ఇప్పుడు ఎదురు కుర్చీలోనే ఉంది.

భాస్కర్ లక్ష్మణమ్మకి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. విషయం చెప్పాడు.

“వలేసే సోటు నానడిగినానా? ఏటి బాబూ ఆ మాట? మా ఆయన పోతురాజు నలబై ఏళ్లు సంద్రంలోకెల్లాడు. సోటెక్కడని పెళ్లాన్ని, నానే ఏ రోజూ అడగలేదు. అన్నదమ్ముడికే సెప్పరు. నలుగురిలో అడిగితే మావోళ్లు నన్ను ఎలేస్తారు.”

“మరి మీ అకౌంట్లో ఎవరు రాశారమ్మా?”

“నాకు సదువొస్తే కదా. అరుణశ్రీ పాపే కాతా తెరిసింది. పాస్‌వర్డో ఏటో, ఆ పాప కాడే ఉన్నాది.”

భాస్కర్ ఎదురు కుర్చీ వైపు తిరిగాడు. సముద్రపొడ్డున పుట్టిన మనిషి ఆ ప్రశ్న రాయదు. బట్టల కొట్లో పెరిగిన మనిషికి అందులో తప్పు కనపడదు.

అరుణశ్రీ కళ్లద్దాలు తీసింది. ఆమె హ్యాండ్‌బ్యాగులో పిస్టలుందని అతనికి తెలుసు. దాన్ని ఆమె ముట్టుకోలేదు.

“ఏ పడవ?”

భాస్కర్ జవాబు కోసం ఆగలేదు. బల్ల మీదున్న ఆమె ఫోన్ లాక్కున్నాడు. లాక్ నంబరు అతని పుట్టినరోజే. లక్ష్మణమ్మ పేరుతో ఇన్‌బాక్స్ తెరిచి ఉంది. నౌక దారి పక్కనే ఉన్న ఫలానా చోట వల వేసేవాళ్లకి కొత్త ఐసు పెట్టె ఉచితమని ఎర వేసింది. కింద జోగయ్య అనే కుర్రాడి జవాబు: “నీకొక్కదానికే సెప్తన్నాను పిన్నీ, మన సోటు అదే.”

నాలుగూ ఇరవై రెండు. ఆ ఫోన్లోంచే పిలిస్తే జోగయ్య ఎత్తలేదు. భాస్కర్ గ్రూపులో రాశాడు: ‘జోగయ్య పడవ దగ్గర ఎవరున్నా కేకెయ్యండి. కొత్త ఐసు పెట్టె అడుగు పగలగొట్టి తీగలు తెంపెయ్యాలి. కారణం తర్వాత.’

కారణం చెప్పకుండా అతను పెట్టిన మొదటి పోస్టు అది.  నాలుగూ ఇరవై తొమ్మిదికి పక్క పడవలోంచి దాలయ్య జవాబిచ్చాడు.

“కేకేసినాం. తెంపేసినాడు. కారణం సెప్పాల మరి.”

భాస్కర్ అరుణశ్రీని గ్రూపులోంచి తీసేశాడు.

“నాకూ అప్పీలుంది కదా?” అంది ఆమె.

“ఉంది. తీసింది నేను కాబట్టి వినేది నేను కాదు.” ఇంకా లైన్లోనే ఉన్న ఫోన్ వైపు తిరిగాడు. “లక్ష్మణమ్మగారూ, ఈ క్షణం నుంచి రెండో మోడరేటర్ మీరు. ఈవిడ చెప్పేది వినండి.”

అరుణశ్రీ ఫోన్ దగ్గరకి వంగింది. “పిన్నీ, నౌక దారి అమ్మేశాను. నీ పేరు వాడుకున్నాను. ఈయనతో అన్న పెళ్లి మాట మాత్రం అబద్ధం కాదు.”

స్పీకర్లోంచి లక్ష్మణమ్మ గొంతు వినిపించింది.

“నిజవే అయ్యుంటాదమ్మా. నీ గొంతులో తెలస్తంది. గానీ ఆ ఓడలో ఉన్నోళ్లకీ పెళ్లాలుంటారు కదా. బయటే ఉండు తల్లీ.”

భాస్కర్‌కి ఏడుపొచ్చింది. మారువేషాలన్నీ నేర్పిన ట్రైనింగులో అది ఆపుకోవడం ఎవరూ నేర్పలేదు. కళ్లు తుడుచుకుంటూనే టైపు చేశాడు: ‘అరుణశ్రీ తొలగింపు. కారణం: ఇంకొకరి పేరుతో రాసి మనవాళ్ల ప్రాణాల మీదికి తేవడం. అప్పీలు విన్నాం. మార్పు లేదు.’

భాస్కర్ కబురందుకుని పోలీసులు ఇక్కడికే వచ్చారు. మెట్ల దగ్గర ఆగి ఆమె, “పొద్దున్నుంచి ఏమీ తినలేదు నువ్వు,” అంది. 

డిపార్ట్‌మెంట్ నిబంధన ప్రకారం తన ఫ్రెండ్స్ లిస్టులోంచి కూడా ఆమెని తీసేశాడు. వారం తిరక్కుండా ఫేస్‌బుక్ ఆ నల్ల కళ్లద్దాల ఫొటో చూపించి, ‘ఈమె మీకు తెలిసి ఉండవచ్చు’ అంది. ఎనిమిది నెలలు ఆమెకి ఎదురు కుర్చీలో కూర్చున్న గూఢచారికి, ఆమె తనకి తెలుసో లేదో ఇంకా తేలలేదు.