గాలిపంకాకు రెండో నిమ్మకాయ

ఎల్లస్వామి మిద్దె మీది గాలిపంకా రెక్క మూడోసారి విరిగి, ఈసారి వడ్రంగి దశరథం పెరట్లో కోళ్ల మధ్య పడింది. కోళ్లకేమీ కాలేదు. దశరథం కూతురు యాదలక్ష్మికి మాత్రం ఒళ్లు మండింది. విరిగిన ముక్క పట్టుకుని నేరుగా ఎల్లస్వామి సైకిల్ షాపుకు వచ్చింది.

"గిదేం చెక్క?"

"మామిడిది. సంతల కొన్న."

"మామిడి చెక్క కూసునే పీటకు పనికొస్తది. తిరిగే రెక్కకు గాదు. జర తెలిసినోళ్లను అడగరాదు?"

"అడుగుతున్న గద ఇప్పుడు."

పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో కూడా మర్రిగూడలో వాళ్ల వాడకు కరెంటు రాలేదు. పాత లారీ డైనమోకు సైకిల్ చైను తగిలించి, గాలితో తిప్పి, ఒక్క బల్బైనా వెలిగించాలని ఎల్లస్వామి పంతం. ఊరు అప్పటికే అతన్ని గాలిస్వామి అంటోంది.

యాదలక్ష్మి తిడుతూనే రెండు టేకు రెక్కలు చెక్కి ఇచ్చింది. ఆమె బాడిసతో చెక్కుతుంటే ఎల్లస్వామి రెక్కల వైపు చూడాల్సింది, ఆమె వైపు చూశాడు. వారం తిరక్కుండా పోయి పిల్లనడిగాడు.

దశరథం చుట్ట నోట్లోంచి తీయలేదు. "హాలియా ఊరి నుంచి సంబంధం వచ్చింది. కాలువ కింద మూడెకరాలు. నీకేమున్నది, గాలి తప్ప? సరే, ఆషాఢం గాలికి గా పంకా నాలుగు దినాలు నిలబడితే శ్రావణంల లగ్గం. విరిగిందా, పిల్ల హాలియాకే."

మూడు రోజులు పంకా బుద్ధిగా తిరిగింది. నాలుగో రోజు సాయంత్రం, దశరథం కూతురితో వచ్చి మిద్దె కింద నిలబడేసరికి, పంకా బిగించిన గుంజ గడగడా ఊగడం మొదలుపెట్టింది.

యాదలక్ష్మి మిద్దెక్కి, రెక్కల్ని ఆపే తాడు లాగి పంకాను ఆపింది. ఒక రెక్క కొసకు ఇనుప తీగతో నిమ్మకాయ కట్టి ఉంది.

"దిష్టికి ఇందాక నేనే కట్టిన," అంది కింద నుంచి ఎల్లస్వామి అవ్వ బీరమ్మ. "ఊరి కండ్లన్ని దానిమీదనే. అది విప్పితే నేను అన్నం ముట్ట."

ఎల్లస్వామి తల పట్టుకున్నాడు. యాదలక్ష్మి వాదించలేదు. కిందికి దిగి వంటింట్లోంచి అంతే బరువున్న నిమ్మకాయ, అంతే తీగ తెచ్చి రెండో రెక్కకు కట్టి తాడు వదిలింది. గుంజ కుదురుకుంది. బల్బు ముందు ఎర్రగా, తర్వాత తెల్లగా వెలిగింది.

"ఒక్క దిక్కే బరువుంటే ఊగుతది," అంది.

"నిన్ను చూసిన కాన్నుంచి నేను గట్లనే ఊగుతున్న," అన్నాడు ఎల్లస్వామి, కాబోయే మామ వింటున్నాడని మరిచిపోయి.

దశరథం మాత్రం రెక్కల వైపే చూస్తున్నాడు. "యాదీ, గా టేకు నీ పెండ్లి పెట్టెకని దాచింది గద?"

"పెండ్లికే వాడిన నాయినా."

దశరథం చుట్ట నోట్లోంచి తీశాడు. ఆ తర్వాత శ్రావణంలో మంచిరోజు ఎప్పుడుందో కనుక్కోమని బీరమ్మకు చెప్పాడు.